ఎద్దుకు చెప్పుకున్న మాట

మా నాయన నాతో నేరుగా మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. కోపమేమీ లేదు. కొట్టడం, తిట్టడం అసలే లేదు. మా పక్క ఆడపిల్ల ఎదిగిందంటే తండ్రులకు నోరు పడిపోతుంది, అంతే. మిగతా ఇళ్లలో తండ్రులు చెప్పాల్సిన మాటను తల్లులతో చెప్పించేవాళ్లు. మా నాయన అమ్మను కూడా నమ్మలేదు, దారిలో రెండు మాటలు కలుపుతుందని. అందుకని ఎద్దులకు చెప్పేవాడు. నేను కొట్టంలో పేడ ఎత్తుతూ వినేంత దూరంలో ఉన్నప్పుడు చూసి, ఎర్రెద్దు గంగడోలు నిమురుతూ, "ఏమప్పా, మనమ్మి లెక్కల్లో తప్పిందంట గదా" అనేవాడు. ఎర్రెద్దు నెమరు వేసేది. నేను తలొంచుకొని పేడ ఎత్తేదాన్ని. విషయం చేరాల్సిన చోటికి చేరేది.

ఎద్దుకు చాలని పెద్ద మాటలుంటే దేవుడికి చెప్పేవాడు. మాది చాపాడు పక్కన కాలువ కింది పల్లె. తాతల కాలంలోనే మిషన్‌లో కలిసిన కుటుంబం. రోజూ రాత్రి, కూడు తిన్నాక, చాప మీద ప్రార్థన. నాయన ప్రార్థన పాస్టరయ్య భాషలో మొదలయ్యేది: "పరలోకమందున్న మా తండ్రీ, నీ నామమునకు స్తోత్రము." రెండో వాక్యానికల్లా మా ఊళ్లోకి దిగిపోయేది: "ప్రభువా, ఈ ఇంట్లో ఒక బిడ్డ అద్దం ముందర శానాసేపు నిలబడతాంది. ఆ అద్దంలో కొత్తగా ఏమీ కనపడదని నువ్వన్నా చెప్పు." దానికి ఆమెన్ అనాల్సింది నేనే. అనకపోతే పక్కనున్న జేజి తొడపాశం పెట్టేది. జేజి అంటే నాయన తల్లి. ఆమెది పులివెందుల పక్క. ఆ పక్క మాటకు మొహమాటం తెలియదు.

నేనప్పుడు జమ్మలమడుగులో మిషన్ బడి హాస్టల్లో ఉండి ఎస్సెల్సీ చదువుతున్నాను. పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి, మద్రాసులో ఆడపిల్లల కాలేజీ ఉంది, సీటుకు నేను రాస్తాను, మీ నాయన ఒప్పుకుంటే చాలు అంది. ఒప్పుకుంటే చాలట! కాలువలో నీళ్లు వెనక్కి పారితే చాలు అన్నట్టుంది నాకు. అమ్మకు చెప్పాను. అమ్మ నాయనకు చెప్పింది. రెండు నెలలు గడిచాయి. నేను సెలవుకు వచ్చినప్పుడు కొట్టంలో ఒక్కటంటే ఒక్క మాట వినబడింది. "మద్రాసంట అప్పా. మొన్నటిదాకా మనదే. ఇప్పుడు రాష్ట్రాలు యేరుపడి అదీ పరాయి దేశమాయె. నీకేమన్నా తెలుసునా దోవ?" ఎర్రెద్దుకు తెలియదు. మాట అక్కడే ఆగిపోయింది.

ఆ సెలవుల్లోనే పాస్టరయ్య ఇంటికొచ్చాడు. "అప్పా, న్యూజిలాండ్ అని ఒక దేశముంది. ఆడినుంచి ఒక పిల్ల మద్రాసులో చదువుకునేదానికి వచ్చిందంట. పై దేశాల పిల్లలు శుక్ర, శని, ఆదివారాలు ఒక రైతు ఇంట్లో ఉండి, చూసిందంతా రాసియ్యాలని వాళ్ల కాలేజీలో చెప్పినారంట. మీ ఇంట్లో ఇంగ్లీషు తెలిసిన బిడ్డుంది గదా, మీరే పెట్టుకోండి" అన్నాడు. నాయన తల గోక్కున్నాడు, అంటే సరేనని. ఆ రోజు ప్రార్థన మామూలు కన్నా పొడుగైంది. "ప్రభువా, సముద్రాలు దాటి చదువుకునేదానికి వచ్చిన ఆడబిడ్డను మా ఇంటికి తోలుకొస్తాండావు. మంచిదే. చదువు ఆడబిడ్డను ఏం చేస్తాదో మా కండ్లతో చూస్తాం. చూసినాంక మా ఇంట్లో సంగతి తేల్చుకుంటాం. ఆమెన్."

నా కాలేజీ చదువును నాయన ముక్కూ మొహం తెలియని ఒక తెల్లపిల్ల చేతిలో పెట్టేశాడు. ఆమె మూడు రోజులు బుద్ధిగా ఉంటే నేను మద్రాసు పోతాను. ఈల వేసినా, మగవాళ్ల ముందు కాలు మీద కాలు వేసుకున్నా, జేజితో ఎదురు మాట్లాడినా నా గతి ఆ కొట్టమే.

నా భయం నాది, అమ్మ భయం అమ్మది. రైతు ఇల్లు చూడటానికి వస్తున్న మనిషికి రైతు ఇల్లు కనపడకుండా చేయడానికి మా అమ్మ వారం రోజులు కష్టపడింది. పెరట్లో దిబ్బ మీద తాటాకులు కప్పింది. కొట్టానికీ ఇంటికీ మధ్య దుప్పటి కట్టింది. బడి నుంచి కుర్చీ, బల్ల, పాస్టరయ్య ఇంటి నుంచి పింగాణీ పళ్లెం, ఊరి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క ముల్లుచెంచా తెచ్చింది. ప్రొద్దుటూరు నుంచి రొట్టె తెప్పించింది. అది గోడకు కొడితే గోడ రాలేలా ఉంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు పసుపుతో వచ్చింది. చేలో పసుపు తవ్వి, కాలవ గట్టున కొప్పెరలో ఉడకబెట్టే రోజులవి. పేడ కలిపిన నీళ్లు పోసి ఉడకబెట్టడం మా వాడుక. అమ్మ గట్టిగా చెప్పేసింది. "ఆయమ్మ కాలవ గట్టుకు పోనే పోకూడదు. పేడనీళ్లు చూసిందంటే ఇంగ ఆ దేశంలో ఎవురూ పసుపు ముట్టరు."

"ఇప్పుడేమన్నా పూసుకుంటాండారా ఆడ?" అంది జేజి.

శుక్రవారం పొద్దున ఎర్రగుంట్లలో రైలు దిగిన ఆ పిల్లను పాస్టరయ్య బస్సులో, బండిలో తీసుకొచ్చి మా వాకిట్లో దించాడు. తాటిచెట్టంత పొడుగు. తెల్ల గౌను, నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు, చేతిలో నోటుబుక్కు. వంగి లోపలికి వచ్చిందో లేదో, అమ్మ చేయి పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె లేవబోతే మళ్లీ కూర్చోబెట్టింది. ఊరంతా వచ్చి వాకిట్లో నిలబడి చూసింది. జేజి దగ్గరికి పోయి ఆమె చేయి గిల్లి చూసి, "సున్నం మాదిరుంది. ఎండలో పెట్టరా బిడ్డను?" అంది. తర్వాత అడగాల్సింది అడిగింది. "పెండ్లయిందా?"

ఇరవై ఏళ్లనీ, పెళ్లి కాలేదనీ చెప్పాను.

"ఇరవైయా! మరి వాళ్లమ్మా నాయనకు నిద్రెట్ల పడతాంది?"

ఆ పిల్ల నా వైపు తిరిగి, ఏమంటోందని అడిగింది. ప్రయాణం బాగా జరిగిందా అని అడుగుతోంది అన్నాను. ఆమె నవ్వి, చాలా బాగా జరిగిందని చెప్పమంది. "పెండ్లికి ఆలోచన చేస్తాండారంట" అని జేజితో చెప్పాను. అక్కడ మొదలైంది నా తర్జుమా. అటు నాలుగు మాటలు, ఇటు నాలుగు మాటలు, రెండు పక్కలా అందరూ మంచివాళ్లే. ఇంత సులువైన పని ఇంకోటి లేదనుకున్నాను.

మధ్యాహ్నం భోజనం. తెల్లవాళ్లు కారం తినరని అమ్మ మిరపకాయ చూపించకుండా కోడికూర వండింది. జేజి ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, "దీన్ని కోడికూర అంటే కోడి ఊరుకోదు" అంది. పాపం ఆ పిల్లకు వాళ్లమ్మ పళ్లెంలో మెతుకు మిగల్చకూడదని నేర్పింది. మా అమ్మకు వాళ్లమ్మ విస్తరి ఖాళీగా ఉంచకూడదని నేర్పింది. ఇద్దరూ తల్లి మాట జవదాటని వాళ్లే. ఆమె ఊడ్చి తింటుంది, అమ్మ వడ్డిస్తుంది. నాలుగోసారికి ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. నేను బల్ల కింద ఆమె కాలు తొక్కి, కొంచెం వదిలెయ్ అని ఇంగ్లీషులో అన్నాను. "మర్యాద తెలిసిన పిల్ల. ఎంత పెట్టినా కాదనలేదు" అని అమ్మ మురిసిపోయింది.

తిన్నాక చేనెక్కడ అని అడిగింది ఆ పిల్ల. "చేను యాడికి పోతాది? రేపు చూడొచ్చులే" అని అమ్మ ఆమెను బండెక్కించి ప్రొద్దుటూరుకు తీసుకుపోయింది. అక్కడ మా పెద్దమ్మ ఇల్లు, పిన్నమ్మ ఇల్లు, పాస్టరయ్య తోడల్లుడి ఇల్లు, బట్టల బజారు. పోయిన ప్రతి ఇంట్లో ఒక కుర్చీ, ఒక సోడా, రెండు జిలేబీలు. ఆ కుర్చీల్లో కూర్చొని కూర్చొని, ఆమె నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. తొంగి చూశాను. తేదీ తప్ప ఏమీ లేదు. రైతు ఇంట్లో చూసింది రాయాలి గదా, ఆమె చూసింది జిలేబీలు.

రాత్రి ప్రార్థనలో నాయన తేల్చేశాడు. "ప్రభువా, చదువుకున్న బిడ్డను చూపించినావు. కూర్చుంటాంది. తింటాంది. నవ్వుతాంది. బండెక్కి బజారుకు పోయొస్తాంది. దీనికోసరం సముద్రాలు దాటాల్నా ప్రభువా? ఇదంతా ఈడ ఇంట్లో ఉండి గూడా చేయొచ్చు గదా. ఆమెన్."

మీ నాన్న ఏం ప్రార్థించాడని ఆ పిల్ల అడిగింది. నీకోసం దేవుడికి వందనాలు చెప్పాడన్నాను. ఆమె చేతులు జోడించి నాయనకు దండం పెట్టింది. నాయన కంగు తిని దగ్గాడు.

నాకు ఒళ్లు మండింది. కుర్చీలో కట్టేసి కూర్చోబెట్టి, కూర్చుంది కూర్చుంది అంటే ఏం న్యాయం? అమ్మను ఒక మాట అనేదాన్నే, కానీ ఆమె ఆ మిగిలిన రాయిలాంటి రొట్టెను పొద్దున పాలల్లో నానబెట్టాలా వద్దా అని దిగులుపడుతూ ఉంది.

శనివారం తెల్లవారుతుండగానే ఆ పిల్లను లేపి, దుప్పటి తెర ఎత్తి కొట్టంలోకి తీసుకుపోయాను. అక్కడ మా ఎనుము, అంటే గేదె, ఉంది. అది మా అమ్మ చేతికి తప్ప దేవుడొచ్చినా పాలు చేపదు. ఇద్దరు చిన్నమ్మలు, ఒక పెద్దమ్మ దాని చేత తన్నించుకున్నవాళ్లే. ఆ పిల్ల దాన్ని చూసి, టోపీ తీసి నా చేతికిచ్చింది. దూడను వదిలి, కాసేపు కుడవనిచ్చి, పక్కకు లాగి కట్టింది. కిందికి కూర్చొని, తలను ఎనుము డొక్కకు ఆనించి, గొంతులో ఏదో సన్నగా రాగం తీస్తూ పిండడం మొదలుపెట్టింది. చెంబులో పాలు జుయ్‌మని పడ్డాయి. ఎనుము కళ్లు మూసుకొని నిలబడింది, సిగ్గులేనిది.

వేన్నీళ్ల బిందె చంకన పెట్టుకొని వచ్చిన అమ్మ నోరు తెరిచి నిలబడిపోయింది. ఆ పిల్ల నురుగు చెంబు ఎత్తి చూపించి చెప్పింది. వాళ్లది పాడి ఇల్లట. నలభై ఆవులట. ఏడేళ్ల వయసు నుంచి వాళ్ల నాన్న పక్కన కూర్చొని రెండు పూటలా పిండేదట. నేను ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను. మార్చాల్సిన అవసరం ఏముంది!

"నలభై ఆవుల బిడ్డనా నేను కుర్చీలో కూర్చోబెట్టింది!" అంది అమ్మ. "ముందే అడిగి చెప్పలేదేంది మే?"

"నువ్వు అడగనిచ్చినావా? నోరు తెరిస్తే జిలేబీ పెడతాంటివి!"

అమ్మ ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోలేక, నా మీద కోపం చాలక, మధ్యాహ్నం దాకా ఎనుముతో మాట్లాడలేదు. కొట్టం వాకిట్లో నాయన ఎప్పుడొచ్చి నిలబడ్డాడో నేను చూడలేదు. ఎర్రెద్దుకు గడ్డి వేస్తూ, "చేతికి పని తెలిసిన పిల్లే అప్పా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను మనసులో మద్రాసు రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

ఇంక ఆపేవాళ్లెవరు? కాలవ గట్టుకు పోయాం. ఆ పిల్ల బూట్లు విప్పేసి, కూలమ్మలతో కలిసి దుంపల నుంచి పసుపు కొమ్ములు విరిచింది. కొప్పెర దగ్గర పొగలో నిలబడి, ఉడికాయో లేదో పుల్ల గుచ్చి చూడటం నేర్చుకుంది. నీళ్లలో ఏం కలిపారని అడిగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా వైపు గుడ్లురిమింది. జేజి మాత్రం పేడ గంప చేతికే ఇచ్చి చూపించింది. ఆమె వాసన చూసి, తలూపి, ఎన్ని నీళ్లకు ఎంత అని అడిగి రాసుకుంది. మధ్యాహ్నానికి నోటుబుక్కులో ఏడు పేజీలు నిండాయి. సాయంత్రానికి గౌను పచ్చన, పాదాలు పచ్చన, మోచేతుల దాకా పచ్చన. "దొరసానిని పెండ్లికూతురిని చేసినామే!" అని కూలమ్మలు పగలబడి నవ్వారు. ఆమెకు అర్థం కాకపోయినా అందరికన్నా గట్టిగా నవ్వింది.

ఇంటికొచ్చి కింద కూర్చొని, జేజి పక్కన సంగటి తింది. సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకోవడం జేజి నేర్పింది. కారానికి కళ్లలో నీళ్లు కారుతుంటే కూడా ఆపలేదు. జేజి మాకందరికీ వినబడేలా, "ఆ కుర్చీ బడికి పంపీండి. పిల్లోళ్లకు పనికొస్తాది" అంది. మా ఇంట్లో అంతకు మించిన సర్టిఫికెట్ లేదు.

అప్పుడు నాయన అడిగాడు. ఎద్దుతో కాదు, దేవుడితో కాదు, నన్ను చూసి నాతోనే అన్నాడు. "మే, ఆయమ్మిని ఒక మాట అడుగు. వాళ్ల నాయన ఆమెను ఇంత దూరం ఎట్ల పంపినాడు? ఏమని పంపినాడు?"

చెనిక్కాయలు వలుస్తున్న జేజి చేయి ఆపింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. ఆ ప్రశ్న ఎవరికోసమో ఇంట్లో అందరికీ తెలుసు. నేను ఆ పిల్లను అడిగాను.

ఆమె కాసేపు తన పచ్చటి చేతులు చూసుకుంది. మా నాన్న నన్ను పంపలేదు అంది. వద్దన్నాడట. ఆమె పట్టుబట్టి వచ్చేసిందట. ఓడ బయలుదేరే రోజు తల్లి ఒక్కతే రేవుకు వచ్చిందట, తండ్రి ఆవుల దగ్గరే ఉండిపోయాడట. ఎనిమిది నెలలయింది, అమ్మ రాస్తుంది, నాన్న ఒక్క ముక్క రాయలేదు, నేను రాసినవి చదువుతాడో లేదో కూడా తెలియదు అంది. ఎనుము డొక్కకు తల ఆనించినప్పుడు ఆయన పక్కనే కూర్చున్నట్టుందట.

ఇదంతా మా నాయనకు చెబితే నా మద్రాసు ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నోరు తెరిచాను. "వాళ్ల నాయన శానా సంతోషంగా పంపినాడంట. రేవుదాకా వచ్చి చేయి ఊపినాడంట. వారం వారం జాబు రాస్తాడంట." అక్కడికన్నా ఆగానా? "బిడ్డ చదువుకుంటే ఇంటికి వెలుగు అన్నాడంట" అని కూడా కలిపాను.

జేజి నా ముఖం చూసింది, ఆ పిల్ల ముఖం చూసింది. "అట్లయితే ఆ పిల్ల యాల ఏడస్తాంది?"

తిరిగి చూశాను. ఆ పిల్ల ముంజేతితో కళ్లు తుడుచుకుంటోంది. చెంప మీద పసుపు చార పడింది. నేను "కారం..." అన్నాను. సంగటి తిని అప్పటికి గంటయింది.

నాయన లేచి చాప పరిచాడు. ఆ రోజు ప్రార్థన పాస్టరయ్య భాషలో మొదలు కానేలేదు. "ప్రభువా, ఈ పొద్దు ఈ ఇంట్లో ఒక నాలుక రెండు మాటలు చెప్పింది. ఈడ నా కండ్ల ముందరే ఇట్ల చెప్పేది, నా కండ్లకు కనపడని చోటికి పోతే ఏం చెప్తాదో నాకు తెలీదు. ఆమెన్."

ఆ పిల్ల నా చెవి దగ్గర, ఏం ప్రార్థించాడని అడిగింది. నేను తల తిప్పుకొని చాప చుట్టసాగాను. జేజి తొడపాశం పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సీటు పోయిందన్న ఏడుపు సగం. ఆ పిల్ల తన గుండెలో మాట తీసి నా చేతిలో పెడితే, నేను దాన్ని నా పనికి వాడుకున్నానన్న సిగ్గు సగం. తెల్లవారగానే కొట్టంలోకి పోయాను. నాయన తెల్లెద్దును తోముతున్నాడు. ఆయన ముఖం చూసి చెప్పే ధైర్యం నాకెక్కడిది? ఆయన బిడ్డనే గదా. పోయి ఎర్రెద్దు పక్కన నిలబడ్డాను.

"అప్పా" అన్నాను ఎర్రెద్దుతో, "నిన్న నేను అబద్ధం చెప్పినా. వాళ్ల నాయన ఆయమ్మిని పంపలేదు. వద్దన్నాడంట. రేవుకు గూడా రాలేదంట. ఎనిమిది నెలల నుంచి ఒక జాబు ముక్క లేదంట. ఆమె దానికే ఏడిసింది. నేను మద్రాసు పోవల్లని మాట మార్చినా. ఇంగ మార్చను. పంపకపోయినా పర్వాలేదు."

చివరి మాట అబద్ధం. కానీ ఎర్రెద్దుకు ఆ మాత్రం చెప్పొచ్చు అనిపించింది. అది తోకతో ఒక ఈగను కొట్టుకుంది. అవతల తెల్లెద్దును తోముతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. నేను ఇంట్లోకి వచ్చి ఆ పిల్లకు కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మద్రాసు సంగతి, నాయన ప్రార్థనలు, జేజి ప్రశ్న, అన్నీ. నన్ను ఛీ అంటుందనుకున్నాను. "నీకోసం వందనాలు చెప్పాడు" అన్న ప్రార్థన అసలేమిటో విని, ఆమె మంచం మీద పడి పొట్ట పట్టుకొని నవ్వింది. తర్వాత నా భుజం మీద చేయి వేసి, నేను నీ చోట ఉన్నా అదే చెప్పి ఉండేదాన్ని అంది.

ఆ రోజు ఆదివారం, పాస్టరయ్య గుడికి పోయి వచ్చాం. పసుపు చేతులతో ఆమె పాటల పుస్తకం పట్టుకుంటే గుడంతా అదే చూసింది. సాయంత్రం బండికి ఆమె పోవాలి. అమ్మ ముల్లుచెంచా కడిగి మూట కడుతోంది. జేజి ఆమె సంచిలో చెనిక్కాయలు, పచ్చి పసుపు కొమ్ములు కుక్కుతోంది. నాయన వాకిట్లో మంచం మీద కూర్చొని, "కాగితం, కలం తెచ్చుకో" అన్నాడు. చుట్టూ చూశాను, ఎద్దులు కొట్టంలో ఉన్నాయి. నాతోనే.

"వాళ్ల నాయనకు జాబు రాయల్ల. నేను చెప్తా, నువ్వు ఇంగ్లీషులో రాయి. ఉన్నది ఉన్నట్టు."

రాయడం మొదలుపెట్టాను. ఆయన కాలవ వైపు చూస్తూ, ఒక్కో మాటా తడిమి తడిమి చెప్పాడు.

"అయ్యా, మీకు దండాలు. నేను గూడా మీ మాదిరే సేద్యగాన్ని. మూడెకరాలు, రెండెద్దులు, ఒక ఎనుము. మీ బిడ్డ మూడు దినాలు మా ఇంట్లో ఉన్నాది. మా ఎనుము ఎవురికీ చేపదు, మీ బిడ్డకు చేపింది. ఆ చెయ్యి మీరు నేర్పిన చెయ్యి అని చెప్పింది. ఆమె చేతులు పచ్చగయినాయి. అది పసుపు, పది దినాల్లో పోతాది, మీరు భయపడద్దు. కూడు బాగా తినింది. మీరు జాబు రాయలేదని ఏడిసింది."

నేను తల ఎత్తలేదు. కలం గీసుకుంటూ పోయింది.

"మీకు కోపం లేదని నాకు తెలుసు. రాయల్లంటే మాట రాదు, అంతే. నాకూ రాదు. నేను ఎద్దులతో చెప్తా. మీకు నలభై ఆవులుండాయంట, ఎవురికి చెప్తాండారో. అయినా బిడ్డ అంత దూరముంటే ఆవులకు చెప్పింది ఆడికి చేరదు గదా. జాబు రాయండి."

మంచం నులక లాగి బిగించాడు.

"జూన్ నెలలో నా బిడ్డ గూడా మద్రాసు పోతాది."

కలం ఆగిపోయింది. అక్షరాలు కనబడలేదు. నా ముక్కు మీద నుంచి ఒక చుక్క కాగితం మీద పడి, న్యూజిలాండ్‌లో ఉన్న ఆ పెద్దమనిషికి పెట్టిన దండాల మీద ఇంకు పాకింది. వాకిట్లో అమ్మ మూట కట్టడం ఆపింది. నాయన మాత్రం ఇంకా కాలవ వైపే చూస్తున్నాడు.

"యాల నిలబెట్టినావు? రాయి."

"రాస్తాండా నాయనా."

"నేను రైలు దగ్గరికి పోతా. పోకుండా ఉండను. కానీ ఆమె పోయినాంక నేను గూడా మీ మాదిరి నోరు కట్టేసుకొని కొట్టంలో కూర్చుంటానేమో. నాకు భయంగా ఉండాది. అట్ల చేస్తే, అయ్యా, మీరు నాకొక జాబు రాయండి."

ఒక్క మాట మార్చకుండా రాశాను.